ఒక ఇంజిన్ ఆగితే రెండోదే ఎందుకు పడేస్తుంది? వీఎంసీ వెనుక ఉన్న లెక్క

క్లుప్తంగా: రెండు ఇంజిన్ల విమానంలో ఒకటి ఆగి, రెండోది పూర్తి బలంతో లాగుతున్నప్పుడు ముక్కు పక్కకు తిరిగిపోకుండా పట్టి ఉంచడానికి కావాల్సిన కనీస వేగమే వీఎంసీ. వేగం అంతకన్నా తగ్గితే పైలట్ రడ్డర్‌ను ఎంత తొక్కినా చాలదు. విమానం ఆగిన ఇంజిన్ వైపు తిరిగి, ఒరిగి, చివరికి బోర్లా పడుతుంది. చిన్న విమానాల స్పీడ్ డయల్ మీద ఇది ఒక ఎర్ర గీత. ఆ గీత ఒక నిర్ణీత పరిస్థితిలో కొలిచిన అంకె. పరిస్థితి మారితే అసలు హద్దు కూడా జరుగుతుంది, గీత మాత్రం గీసిన చోటే ఉంటుంది.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా 171 కూలి 260 మంది చనిపోయాక విమానాల గురించి పెద్దగా పట్టించుకోని వాళ్లు కూడా ఇంజిన్ల గురించి అడగడం మొదలుపెట్టారు. ఒకటి పోతే రెండోది ఉంటుంది కదా అన్నది అందులో మొదటి ప్రశ్న. ఆ ప్రమాదంలో, ప్రాథమిక నివేదిక ప్రకారం, ఇంధనం స్విచ్‌లు రెండూ ఒక సెకను తేడాలో ఇంధనాన్ని ఆపేసే స్థితికి, అంటే కటాఫ్‌కు మారాయి. రెండు ఇంజిన్లూ బలం కోల్పోయాయి కాబట్టి ఒక వైపు లాగుడు, ఇంకో వైపు ఖాళీ అనే సమస్య అక్కడ రాలేదు. కానీ ప్రశ్న మంచిదే. ఒక్క ఇంజిన్‌తో విమానం ఎగురుతుంది, నిజమే. అయితే తగినంత వేగం ఉంటేనే. ఆ వేగం లేని చోట, ఆగిపోయిన ఇంజిన్ కన్నా బాగా పనిచేస్తున్న ఇంజినే ఎక్కువ ప్రమాదం తెచ్చిపెడుతుంది.

జోడెడ్లలో ఒకటి ఆగితే

కాడికి కట్టిన రెండెడ్లలో ఎడమది ఉన్నట్టుండి ఆగిపోయి, కుడిది లాగుతూనే ఉంటే బండి ఎడమకు తిరుగుతుంది. కాడి ఎంత పొడవుంటే తిప్పుడు అంత ఎక్కువ. రెక్కల మీద ఇంజిన్లున్న విమానంలో జరిగేదీ ఇదే. కుడి ఇంజిన్ లాగే బలాన్ని, అంటే థ్రస్ట్‌ను, అది విమానం నడిరేఖకు ఎంత దూరంలో ఉందన్నదానితో గుణిస్తే ముక్కును ఎడమకు తిప్పే బలం వస్తుంది. బండితో పోలిక ఇక్కడితో సరి. బండిని ఆపి దిగి ఎద్దును అదిలించవచ్చు, గాల్లో ఆ వీలు లేదు.

ఈ తిప్పుడును ఎదుర్కోవడానికి పైలట్ చేతిలో, నిజానికి కాలి కింద, ఉన్నది రడ్డర్. నిలువు తోక వెనక అంచున కదిలే పలక అది. పెడల్ తొక్కితే ఆ పలక మీద గాలి ఒత్తిడి పడి తోకను పక్కకు నెడుతుంది, ముక్కు తిన్నగా వస్తుంది. ఇబ్బందంతా ఈ ఒత్తిడి వేగం మీద ఆధారపడటంలోనే ఉంది, అదీ వేగం వర్గం మీద. 100 నాట్ల (ఒక నాటు అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) దగ్గర రడ్డర్‌కు ఉన్న బలం 80 నాట్లకు వచ్చేసరికి 64 శాతానికి, 70 నాట్ల దగ్గర 49 శాతానికి పడిపోతుంది. వేగం మూడో వంతు కూడా తగ్గకముందే రడ్డర్ బలం సగమైపోతుంది.

థ్రస్ట్ అలా తగ్గదు. ప్రొపెల్లర్ విమానంలోనైతే వేగం తగ్గేకొద్దీ థ్రస్ట్ కాస్త పెరుగుతుంది కూడా. తిప్పే బలం నిలకడగా ఉండి, ఆపే బలం వేగంగా కరిగిపోతుంటే రెండూ సమానమయ్యే వేగం ఒకటి తప్పక వస్తుంది. అదే వీఎంసీ. దాని కింద ఒక్క నాటు తగ్గినా పెడల్ అడుగంటాక తొక్కడానికి ఇంకేమీ మిగలదు.

ఆ తర్వాత జరిగేది ముక్కు తిరగడంతో ఆగదు. ముక్కు ఎడమకు తిరుగుతుంటే కుడి రెక్క ముందుకు, ఎడమ రెక్క వెనక్కి పోతాయి. ముందుకు పోయే రెక్కకు లిఫ్ట్ (పైకెత్తే బలం) ఎక్కువ. పైగా కుడి ప్రొపెల్లర్ తన వెనక రెక్క మీదికి గాలిని జోరుగా తోస్తుంటుంది, ఎడమ వైపు ఆ గాలి లేదు. దాంతో విమానం ఎడమకు ఒరుగుతుంది. కంగారులో స్టీరింగ్‌ను కుడికి తిప్పితే ఎడమ రెక్క వెనక అంచున కదిలే పలక (ఎయిలెరాన్) కిందికి దిగి, ఆ వైపే గాలి అడ్డును ఇంకా పెంచుతుంది. ఇదంతా కొన్ని సెకన్ల వ్యవహారం.

ఎర్ర గీతను ఎలా కొలుస్తారు

డిజైన్ దశలో వేసిన లెక్కను టెస్ట్ పైలట్లు గాల్లో ఎగిరి నిర్ధారిస్తారు. అమెరికా, ఐరోపా నిబంధనలు ఈ విషయంలో దాదాపు ఒకటే. మిగిలిన ఇంజిన్ టేకాఫ్‌కు ఉండే గరిష్ఠ బలంతో నడవాలి. బరువు కేంద్రం అనుమతించిన మేరకు బాగా వెనకగా ఉండాలి. చక్రాలు ముడిచి, రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలైన ఫ్లాప్‌లు టేకాఫ్ స్థితిలో పెట్టాలి. ఇంజిన్ ఉన్నట్టుండి ఆగినప్పుడు ముక్కు 20 డిగ్రీలకు మించి పక్కకు పోకుండా అదుపులోకి రావాలి. పెడల్ మీద 150 పౌండ్లకు, అంటే 68 కిలోలకు మించిన కాలి బలం అవసరం పడకూడదు. ఒంటి కాలితో ఒక మనిషి బరువును నెట్టినట్టే.

బరువు కేంద్రం వెనకగా ఎందుకంటే, రడ్డర్ విమానాన్ని తిప్పేది ఆ కేంద్రం చుట్టూనే. కేంద్రం తోకకు దగ్గరైతే రడ్డర్ మీట, అంటే కేంద్రం నుంచి రడ్డర్‌కు ఉన్న దూరం, పొట్టిదవుతుంది. ఈ మీట సంగతి పెద్ద విమానాల రూపంలోనే కనిపిస్తుంది. ఎయిర్‌బస్ ఏ320 పొడవు 37.57 మీటర్లు, దాని తమ్ముడు ఏ318 పొడవు 31.44 మీటర్లే. అయినా ఏ318 నిలువు తోక 75 సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తు. ఒళ్లు పొట్టిదైతే మీట తగ్గింది, ఆ లోటును తోక పెంచి పూడ్చారు. మామూలు రోజుల్లో విమానానికి అంత పెద్ద తోకతో పనే లేదు. ఇంజిన్ పోయే ఆ ఒక్క రోజు కోసం ప్రతి రోజూ దాన్ని మోసుకు తిరుగుతుంది.

చిన్న రెండింజిన్ల విమానాల స్పీడ్ డయల్ మీద రెండు గీతలుంటాయి. ఎర్రది వీఎంసీ. నీలం గీత ఒక ఇంజిన్‌తో అత్యధిక వేగంతో ఎత్తు ఎక్కగలిగే స్పీడ్. శిక్షణ విమానంగా పేరున్న పైపర్ సెమినోల్‌లో ఎర్ర గీత 56 నాట్లు, నీలం గీత 88. ఫ్లాప్‌లు దించకుండా అది స్టాల్ అయ్యే, అంటే రెక్కలు పైకెత్తే బలం కోల్పోయే, వేగం 57 నాట్లు. అంటే రెక్కలు గాలిని వదిలేసే హద్దు, రడ్డర్ చేతులెత్తేసే హద్దు దాదాపు ఒకే చోట ఉన్నాయి. ఈ పొరుగుతనం మంచిది కాదు, ఎందుకో కింద వస్తుంది.

ఆ 5 డిగ్రీల సంగతి

వీఎంసీ నిర్వచనంలో చాలామంది చదివీ చదవనట్టు దాటిపోయే మాట ఒకటుంది: తిన్నగా ఎగురుతున్నప్పుడు ఒరుగు 5 డిగ్రీలకు మించకూడదు. పరీక్షలో 5 డిగ్రీల వరకూ అనుమతి ఉంది కాబట్టి తయారీదారులు దాన్ని పూర్తిగా వాడుకుంటారు. ఎంత వాడితే ఎర్ర గీత అంత కిందికొస్తుంది. అంటే డయల్ మీది అంకె, పైలట్ పనిచేస్తున్న ఇంజిన్ వైపు 5 డిగ్రీలు ఒరిగించి పట్టుకున్నప్పటి అంకె. రెక్కలు సమంగా పెట్టుకుని ఎగిరే పైలట్‌కు అది వర్తించదు.

కారణం కాస్త ఓపిగ్గా చూడాలి. ఎడమ ఇంజిన్ ఆగింది, పైలట్ కుడి పెడల్ తొక్కాడు, రెక్కలు సమంగా ఉంచాడు. ముక్కు ఆగింది. కానీ ముక్కును ఆపడానికి రడ్డర్ తోకను ఎడమకు నెడుతోంది కదా, ఆ పక్కబలాన్ని సరిచేసేది ఏదీ లేదు. విమానం మొత్తం ఎడమకు, ఆగిన ఇంజిన్ వైపు, జారుతూ పోతుంది. కంపాస్ తిన్నగా ఉందంటుంది, పైలట్‌కూ అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. నిజానికి గాలి ఎడమ పక్క నుంచి ఏటవాలుగా తగులుతోంది. నిలువు తోక గాలి దిక్కు చూపే కోడిబొమ్మలాంటిది, గాలి వచ్చే వైపే ముక్కును తిప్పుతుంది. అంటే ఎడమకే. ఇంజిన్ తిప్పుతున్నదీ ఎడమకే. మామూలప్పుడు విమానాన్ని తిన్నగా ఉంచే తోక ఇప్పుడు ఎదుటి పక్షానికి సాయం చేస్తోంది, రడ్డర్ ఒంటరిగా ఇద్దరితో పోరాడాలి.

ఇప్పుడు కుడికి కాస్త ఒరిగిస్తే విమానం బరువులో కొంత భాగం కుడి పక్కకు పనిచేస్తుంది. సెమినోల్ గరిష్ఠ బరువు 1,724 కిలోలు. 5 డిగ్రీలు ఒరిగిస్తే అందులో దాదాపు 150 కిలోల బలం కుడికి లాగుతుంది. రడ్డర్ నెట్టే పక్కబలం ఇలా సరిపోతుంది, ఎడమ జారుడు ఆగుతుంది. సాధారణంగా 2, 3 డిగ్రీల దగ్గరే జారుడు సున్నా అవుతుంది. అక్కడ గాలి అడ్డు తక్కువ, కాబట్టి ఎత్తు ఎక్కడానికి అదే మంచి చోటు. 5 డిగ్రీలకు పోతే జారుడు కుడికి మారి తోక రడ్డర్ పక్షానికి వస్తుంది. అదుపు పెరుగుతుంది, ఎక్కే శక్తి మాత్రం కొంత తగ్గుతుంది.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ శిక్షణ పుస్తకం ప్రకారం, 5 డిగ్రీల నుంచి తగ్గే ప్రతి డిగ్రీకీ వీఎంసీ 3 నాట్లకు పైగా పెరగవచ్చు. ఆ లెక్కన సెమినోల్ రెక్కలు సమంగా ఉంటే 56 అన్న అంకె 70 దాటిపోవచ్చు. పొరపాటున ఆగిన ఇంజిన్ వైపే ఒరిగితే ఇంకా పైకి. వేగం 65 ఉంది, ఎర్ర గీతకు 9 నాట్లు పైనే ఉన్నాం అని ధీమాగా ఉన్న పైలట్ అప్పటికే హద్దు కింద ఉండొచ్చు.

ఇందులోంచి ఇంకో వింత బయటికొస్తుంది. ఒరిగినప్పుడు సాయం చేసేది విమానం బరువే కాబట్టి, ఖాళీ విమానానికి ఆ సాయం తక్కువ. అదే సెమినోల్ 1,400 కిలోలే ఉంటే 150 కిలోల పక్కబలం 122కు తగ్గుతుంది. తేలిక విమానం బాగా ఎక్కుతుంది, కానీ దాని వీఎంసీ ఎక్కువ. బరువు తగ్గితే అన్నీ సులువవుతాయనే మామూలు అంచనా ఇక్కడ చెల్లదు.

ఎడమ ఇంజిన్ పోవడమే ఎందుకు చెడ్డది

రెండు ప్రొపెల్లర్లూ వెనక నుంచి చూస్తే గడియారం ముల్లు దిక్కుగా తిరిగే విమానాల్లో ఎడమ ఇంజిన్‌ను క్రిటికల్ ఇంజిన్ అంటారు. పేరు వింటే అదేదో ముఖ్యమైనది అనిపిస్తుంది. అసలు అర్థం, అది ఆగితే ఎక్కువ ఇబ్బంది అని. విమానం ముక్కు పైకెత్తి మెల్లగా ఎగిరేటప్పుడు ప్రొపెల్లర్‌లో కిందికి దిగే రెక్క పైకి పోయే రెక్క కన్నా గాలిని ఎక్కువ కోణంలో కోస్తుంది, ఎక్కువ లాగుతుంది. కిందికి దిగేది కుడి పక్కన. ఎడమ ఇంజిన్‌కు కుడి పక్క అంటే విమానం ఒంటికి దగ్గర. కుడి ఇంజిన్‌కు కుడి పక్క అంటే రెక్క చివరి వైపు. అంటే కుడి ఇంజిన్ లాగుడు గీత నడిరేఖకు ఇంకా దూరం జరుగుతుంది. ఎడమది ఆగితే మిగిలేది ఆ పొడవాటి కాడి ఉన్న ఎద్దు. ప్రొపెల్లర్ తిరగడం వల్ల ఒంటికి కలిగే ఎదురు మెలిక కూడా ఎడమకే ఒరిగిస్తుంది.

సెమినోల్‌లో కుడి ప్రొపెల్లర్ వ్యతిరేక దిక్కుగా తిరుగుతుంది కాబట్టి దానికి క్రిటికల్ ఇంజిన్ లేదు, ఏది ఆగినా సమానమే. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా పీ-38 లైట్నింగ్‌లోనూ ప్రొపెల్లర్లు ఎదురెదురుగా తిరిగేవి, కానీ బయటి వైపు దిగేలా. అంటే అందులో రెండూ క్రిటికల్ ఇంజిన్లే. జెట్ ఇంజిన్లలో ఈ తేడా దాదాపు ఉండదు, పక్కగాలి ఏ వైపు నుంచి వీస్తోందన్నదే అక్కడ లెక్క.

ఆగిన ప్రొపెల్లర్‌ను అలా వదిలేయకూడదు. ఎదురుగాలికి ఊరికే తిరుగుతున్న ప్రొపెల్లర్ పెద్ద పళ్లెంలా గాలిని అడ్డుకుంటుంది, అదీ ఆగిన వైపే. అందుకే ప్రొపెల్లర్ రెక్కలను గాలికి అంచు చూపేలా తిప్పేస్తారు. దాన్ని ఫెదర్ చేయడం అంటారు. ఏటీఆర్ లాంటి విమానాల్లో టేకాఫ్ సమయంలో ఈ పని దానంతటదే జరుగుతుంది, అదే క్షణంలో రెండో ఇంజిన్ బలం కూడా పెరుగుతుంది.

మే నెల బేగంపేటలో

బేగంపేట విమానాశ్రయం సముద్ర మట్టానికి 1,742 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడ శిక్షణ విమానాలు ఎగురుతుంటాయి. మే నెలలో 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి సాంద్రత, ప్రామాణిక లెక్కలో 5,100 అడుగుల పైన ఉండే గాలితో సమానం. టర్బో లేని పిస్టన్ ఇంజిన్ అంత పల్చటి గాలిలో తన పూర్తి బలం ఇవ్వలేదు. మిగిలిన ఇంజిన్ లాగుడు తగ్గితే తిప్పుడూ తగ్గుతుంది, వీఎంసీ కిందికొస్తుంది. ఎండ వల్ల మేలే జరిగిందన్నమాట.

కానీ డయల్ మీద కనిపించే స్టాల్ వేగం ఎండకూ ఎత్తుకూ మారదు. వీఎంసీ దిగుతూ దిగుతూ స్టాల్ వేగాన్ని తాకే ఎత్తు ఒకటి వస్తుంది. అక్కడ వేగం తగ్గిస్తే రడ్డర్ ఓడిపోవడం, రెక్కలు గాలిని వదిలేయడం రెండూ ఒకేసారి జరుగుతాయి. ఒక వైపు పూర్తి బలం ఉండగా స్టాల్ అయిన విమానం గిరగిరా తిరుగుతూ పడిపోయే స్పిన్‌లోకి పోతుంది. ఇలాంటి విమానాల్లో చాలావాటికి స్పిన్ నుంచి బయటపడతాయన్న ధ్రువీకరణే లేదు. సెమినోల్‌లో 56, 57 అంకెలు పక్కపక్కన ఉండటం మంచిది కాదన్నది అందుకే.

ఎక్కే శక్తి సంగతి ఇంకా అన్యాయం. విమానం ఎత్తు పెరగకుండా తిన్నగా పోవడానికే మొత్తం బలంలో 40 శాతం కావాలనుకుందాం. రెండు ఇంజిన్లూ ఉన్నప్పుడు 60 శాతం మిగులు, ఆ మిగులుతోనే ఎక్కుతుంది. ఒకటి పోతే ఉన్నది 50, ఖర్చు 40, మిగిలింది 10. బలం సగమే పోయింది, ఎక్కే శక్తి మాత్రం ఆరో వంతుకు పడింది. ఆగిన వైపు గాలి అడ్డు కలిపితే ఆ 10 కూడా ఉండకపోవచ్చు. 6,000 పౌండ్ల లోపు బరువుండి తక్కువ వేగంలో స్టాల్ అయ్యే చిన్న విమానాలు ఒక ఇంజిన్‌తో ఎక్కి తీరాలని అమెరికా పాత నిబంధనలు అడగలేదు కూడా. ఎంత ఎక్కుతుందో, లేదా ఎంత దిగుతుందో, కొలిచి రాస్తే చాలు. రెండో ఇంజిన్ ఉంది కదా అని భరోసాగా ఉండేవాళ్లు ఈ ఒక్క వాక్యం చదివితే చాలు.

ప్రయాణికుల విమానాల్లో టెన్షన్ ఎందుకు తక్కువ

విమానయాన సంస్థలు నడిపే విమానాలకు నిబంధనలు వేరు. రెండింజిన్ల విమానం చక్రాలు ముడిచాక ఒక ఇంజిన్‌తో కనీసం 2.4 శాతం వాలులో ఎక్కగలగాలి. నేల నుంచి ముక్కు ఎత్తే వేగం వీఎంసీ కన్నా కనీసం 5 శాతం, ఎక్కే వేగం కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలి. అంటే ఎర్ర గీత దరిదాపులకు రాకుండా ముందే కంచె వేసి పెట్టారు. బోయింగ్ 777లో రెండు ఇంజిన్ల బలంలో తేడా వస్తే కంప్యూటరే రడ్డర్ తిప్పేస్తుంది.

అయితే వాటికి రన్‌వే మీద ఇంకో హద్దు ఉంది, వీఎంసీజీ. నేల మీద పరుగెడుతుండగా ఇంజిన్ పోతే నడిగీత నుంచి 30 అడుగులకు, అంటే 9.1 మీటర్లకు మించి పక్కకు పోకుండా రడ్డర్‌తోనే సరిదిద్దగల కనీస వేగం అది. ముందు చక్రం స్టీరింగ్‌ను ఈ పరీక్షలో లెక్కించరు, తడి రన్‌వే మీద దాని పట్టును నమ్మలేం కాబట్టి. నేల మీద ఒరిగించడం కుదరదు, 5 డిగ్రీల సాయం అక్కడ లేదు.

టేకాఫ్ కొనసాగించాలా ఆపాలా అని తేల్చుకునే వీ1 వేగం ఈ హద్దు కింద ఉండకూడదు. పొట్టి రన్‌వే మీద ఇదే మెడకు చుట్టుకుంటుంది. ఆపడానికి చోటు మిగలాలంటే వీ1 తక్కువ ఉండాలి, వీఎంసీజీ దాన్ని తగ్గనివ్వదు. అలాంటప్పుడు ఇంజిన్ బలాన్నే తగ్గించి టేకాఫ్ చేస్తారు, దాన్ని డీరేట్ అంటారు. బలం తగ్గితే తిప్పుడు తగ్గుతుంది, వీఎంసీజీ తగ్గుతుంది, వీ1 తగ్గించే వీలొస్తుంది. వర్షంలో తడిసిన పొట్టి రన్‌వే మీద ఇలా బలం తగ్గించుకుని ఎక్కువ బరువు మోసుకెళ్లే సందర్భాలూ ఉంటాయి. దీనికో ఖరీదుంది. డీరేట్‌తో పరుగు మొదలుపెట్టాక ఇంజిన్ పోతే, తక్కువ వేగంలో మిగిలిన ఇంజిన్‌కు పూర్తి బలం ఇవ్వకూడదు. వేసుకున్న లెక్కంతా తగ్గించిన బలానికే చెల్లుతుంది.

చరిత్రలో నాలుగు చోట్ల

1942లో ఫ్లోరిడాలోని మాక్‌డిల్ స్థావరంలో బీ-26 మరాడర్ బాంబర్లు వరసగా కూలుతుంటే "ట్యాంపా బేలో రోజుకొకటి" అనే మాట పుట్టింది. చిన్న రెక్కలు, ఎక్కువ వేగం, కొత్త పైలట్లు, టేకాఫ్‌లో ఇంజిన్ ఆగడం అన్నీ కలిశాయి. ప్రఖ్యాత అమెరికా వైమానికుడు జిమ్మీ డూలిటిల్ ఆధ్వర్యంలో అనుభవజ్ఞులైన పైలట్లు ఒక ఇంజిన్ ఆపి అదే విమానాన్ని ఎగిరి చూపించారు, శిక్షణ మారింది, తర్వాతి రకాల్లో రెక్కలు పెంచారు. యుద్ధం ముగిసేసరికి ఐరోపాలో అతి తక్కువ నష్టపోయిన అమెరికా బాంబర్లలో అదొకటిగా నిలిచింది. బ్రిటన్ తొలి జెట్ ఫైటర్ మీటియర్‌లో కథ అడ్డం తిరిగింది. ఇంజిన్లు రెక్కల మీద దూరంగా ఉండటంతో ఒక ఇంజిన్ ఆపి సాధన చేయడమే అక్కడ పైలట్లను బలి తీసుకుంది.

1994 ఏప్రిల్ 4న ఆమ్‌స్టర్‌డామ్ షిపోల్‌లో జరిగిన ప్రమాదం ఈ వ్యాసంలోని విషయానికి అచ్చమైన ఉదాహరణ. కేఎల్ఎం సిటీహాపర్ సంస్థకు చెందిన సాబ్ 340 విమానంలో కుడి ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక వెలిగింది. కెప్టెన్ ఆ ఇంజిన్‌ను ఆపలేదు, అడుగు బలానికి తగ్గించి అలాగే ఉంచి వెనక్కి వచ్చాడు. దిగడం కుదరక తిరిగి ఎత్తేటప్పుడు ఎడమ ఇంజిన్‌కు మాత్రం బలం ఇచ్చాడు. రడ్డర్ సరిపడా వాడలేదు, వేగం పడిపోయింది, విమానం కుడికి ఒరిగి నేలకు తగిలింది. 24 మందిలో కెప్టెన్‌తో సహా ముగ్గురు చనిపోయారు. కుడి ఇంజిన్ నిజానికి పనిచేసే స్థితిలోనే ఉంది.

2019 జూన్ 30న టెక్సస్‌లోని ఆడిసన్‌లో కింగ్ ఎయిర్ 350 అనే రెండింజిన్ల విమానం నేల విడిచిన కొద్ది సెకన్లలోనే ఎడమ ఇంజిన్ బలం తగ్గింది. విమానం ఎడమకు తిరిగి, తలకిందులై ఒక హ్యాంగర్‌లోకి దూసుకుపోయింది. 10 మందీ చనిపోయారు. బలం ఎందుకు తగ్గిందో తేలలేదు. బలం తగ్గాక పైలట్ విమానాన్ని అదుపులో ఉంచలేకపోవడమే కారణమని దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది.

2015 ఫిబ్రవరి 4న తైపేలో కీలంగ్ నదిలో పడ్డ ట్రాన్స్‌ఏషియా 235 విమానాన్ని కూడా ఈ కోవలోనే వేస్తుంటారు, కానీ అది వేరు. ఆ ఏటీఆర్ 72లో రెండో ఇంజిన్ ప్రొపెల్లర్ దానంతటదే ఫెదర్ అయింది. కెప్టెన్ బాగున్న మొదటి ఇంజిన్ మీటను వెనక్కి లాగి దాన్ని ఆపేశాడు. విమానం స్టాల్ అయింది, 58 మందిలో 43 మంది పోయారు. అక్కడ అసమాన బలం విమానాన్ని తిప్పేయలేదు. ఏ ఇంజిన్ పోయిందో తెలుసుకోవడంలో తొందర దెబ్బతీసింది. ఈ తొందర కోసమే శిక్షణలో "డెడ్ లెగ్, డెడ్ ఇంజిన్" అని నూరిపోస్తారు: విమానాన్ని తిన్నగా పట్టుకున్నాక ఏ కాలికి పని లేదో ఆ వైపు ఇంజినే పోయింది.

చెయ్యి ఎందుకు వెనక్కి రాదు

వీఎంసీ కిందికి పోయిన విమానాన్ని కాపాడే మార్గం ఒక్కటే: పనిచేస్తున్న ఇంజిన్ బలం తగ్గించి, ముక్కు దించడం. బలం తగ్గిన క్షణమే తిప్పుడు పోతుంది, ముక్కు దిగితే వేగం వస్తుంది. వినడానికి సులువుగానే ఉంది. కానీ నేల మీది నుంచి 200 అడుగుల ఎత్తులో, ముందు చెట్లు కనిపిస్తుండగా, ఉన్న ఒక్క ఇంజిన్‌నూ తగ్గించి ముక్కును నేల వైపు వంచమంటే మనిషి చెయ్యి ఒప్పుకోదు. థ్రాటిల్‌ను ముందుకే తోస్తుంది, స్టీరింగ్‌ను వెనక్కే లాగుతుంది. రెండూ వేగాన్ని తినేస్తాయి, రెండూ విమానాన్ని హద్దు కిందికే నెడతాయి.

శిక్షణలో ఈ హద్దును చూపించేటప్పుడు కనీసం 3,000 అడుగుల ఎత్తు మిగిలి ఉండేలా చూస్తారు. ఒక ఇంజిన్‌ను నిష్క్రియగా ఉంచి, రెండోదానికి బలమిచ్చి, ముక్కు మెల్లగా ఎత్తుతూ సెకనుకు ఒక నాటు చొప్పున వేగం తగ్గిస్తారు. ముక్కు జారడం మొదలైనా, స్టాల్ హెచ్చరిక మోగినా, విమానం వణికినా, ఏది ముందొస్తే అక్కడే ఆపి బలం తగ్గించి ముక్కు దించాలి. ఇందులో కొంత ఎత్తు పోతుంది. 3,000 అడుగుల దగ్గర ఆ నష్టం ఒక లెక్క కాదు. టేకాఫ్ అయిన 10 సెకన్లకు పోగొట్టుకోవడానికి అంత ఎత్తు ఉండదు.

అందుకే జాగ్రత్తగల పైలట్లు ఈ నిర్ణయాన్ని ఇంజిన్ పోయేదాకా వాయిదా వేయరు. రన్‌వే మీద బ్రేకులు వదలక ముందే గట్టిగా చెప్పుకుంటారు: నేల మీద ఉండగా పోతే రెండు థ్రాటిళ్లూ మూసేయడం. గాల్లోకి లేచి ముందు ఇంకా రన్‌వే మిగిలుంటే రెండూ మూసి అక్కడే దిగడం. చక్రాలు ముడిచి నీలం గీత దాటాకే ఒక ఇంజిన్‌తో ఎక్కే ప్రయత్నం. ఎక్కే శక్తి లేదని తేలితే తిరగకుండా ఎదురుగా ఉన్న పొలంలోకే, రెక్కలు సమంగా ఉంచి దించడం.